నవాసాగరం

పొద్దున తొమ్మిదికి ల్యాబ్ తాళం తీసేది నేనే.
వన్‌టౌన్‌లో మూడో అంతస్తు, కిటికీ నిండా హార్బర్ క్రేన్లు,
ఉప్పుగాలి సగం తినేసిన మూలకాల పట్టిక.
ఇరవై రెండేళ్ళుగా బీకర్లు కడుగుతున్నాను.
పాఠం చదవలేదు. చెయ్యి పెట్టి చూశాను, అంతే.

భానోజీ మాస్టారు బోర్డు మీద చిన్న త్రిభుజం గీసి
పక్కన హెచ్ రాసి ఎంథాల్పీ అంటారు.
నేను థర్మోకోల్ కప్పులు తుడుస్తుంటాను.
కాలేజీవాళ్ళు కొన్న కెలోరీమీటర్ మూత పగిలి రెండేళ్ళయింది,
కింద టీకొట్టు అప్పన్న ఇచ్చిన కప్పులే ఇప్పుడు మా పరికరం.

ఒకదాన్లో ఆమ్లం, ఒకదాన్లో క్షారం.
కలిపామా, కాటు మరిచిపోయి రెండూ
ఉత్త ఉప్పునీళ్ళయి కూర్చుంటాయి,
కిటికీ అవతల ఉన్నలాంటివే,
కాకపోతే వెచ్చగా.
ముప్పై ఒకటి దగ్గరున్న పాదరసం ముప్పై ఏడు దాటుతుంది.
వేడెక్కిందని కేకలేసి పిల్లలు
కాగితం మీద మైనస్ పెడతారు.

"ఏటి మాస్టారూ, వేడొస్తే మైనస్సా?"
మొదటేడాది నేనే అడిగాను.
చాక్‌పీసు పొడి దులుపుకుని ఆయన
"ఇది ఇచ్చినోడి పద్దు మెహరమ్మా, పుచ్చుకున్నోడిది కాదు" అన్నారు.

ఆ రోజు ఇంటికెళ్ళి అబ్బా పద్దుపుస్తకం తీశాను.
పూర్ణామార్కెట్ వెనక సందులో కళాయి కొలిమి ఆయనది.
తిత్తి ఊది, ఇత్తడి గుండిగ ఎర్రబడేదాకా కాల్చి,
చిటికెడు నవాసాగరం చల్లితే
తెల్లటి పొగ లేచి నా కళ్ళు మండేవి.
దూది చుట్టిన చేత్తో తగరం రుద్దేవాడు,
గుండిగ లోపల చంద్రుడు పొడిచేవాడు.
పుస్తకం నిండా రావాల్సినవే, వచ్చినవి లేవు.

ఇవాళ అదే నవాసాగరం
అమ్మోనియం క్లోరైడ్ అని చీటీ అంటించుకుని సీసాలో ఉంది.
నీళ్ళలో వేసి కలిపితే
బీకరుకి బయట చెమట పట్టింది.
జాలరిపేట ఎల్లాజీ ఉలిక్కిపడి చెయ్యి తీశాడు.
"ఆంటీ, మంచు వెయ్యలేదు కదా,
మరి నీళ్ళలో ఉన్న వేడి ఎటెల్లిపోనాది?"

ఎటూ వెళ్ళలేదురా.
ఆ గడ్డ విడిపోవాలంటే ఖర్చుంది,
చేతికందిన నీళ్ళని అడిగి తీసుకుంది.
తెగేటప్పుడు వేడి పుడుతుందనుకుంటారు అందరూ,
ఇళ్ళల్లో చూసి.
ఇక్కడ తెగడానికే వేడి కట్టాలి, కలిస్తే తిరిగొస్తుంది.
తీసుకున్నది ఎక్కువా, వచ్చింది ఎక్కువా,
ఆ తేడాయే మాస్టారి త్రిభుజం.
నిప్పులోనైనా నీళ్ళలోనైనా
నవాసాగరం అడిగేది వేడే.
అబ్బాకి తెలుసు, పేరు తెలియదు.

ఎల్లాజీకి ఇంకో అనుమానం:
ఒకేసారి చేసినా, మూడు మెట్లుగా చేసినా
లెక్క ఒక్కటే ఎలా అవుతాది?
మాస్టారు హెస్ పేరు చెప్పారు.
నేను కైలాసగిరి చూపించాను, కనబడదు గానీ, చేత్తో అటువైపు.
రోప్‌వేలో వెళ్ళు, మెట్లెక్కి వెళ్ళు, ఆటో మాట్లాడుకో,
నీ జేబూ నీ మోకాళ్ళూ వేరేగా చెప్తాయి,
కొండ మాత్రం నువ్వెంత ఎత్తులో ఉన్నావో అంతే చెప్తుంది.
వాడు నవ్వాడు. రాసుకోలేదు.

ఒక పదార్థంలో మొత్తం ఎంత ఉందో తేల్చలేరట,
ఎంత మారిందో మాత్రమే చెప్పగలరట.
అబ్బా విషయంలో నాకూ అంతే.
కొలిమి దగ్గర్నుంచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెడితే
జ్వరం నాదో ఆయనదో తెలిసేది కాదు.

ఒంటిగంటకి గంట కొట్టారు.
కప్పుల్లోవన్నీ సింకులో పారబోశాను,
వెచ్చనివీ చల్లనివీ కలిసి గొట్టంలో దిగిపోయాయి.
కింద కాలవ, కాలవ తర్వాత హార్బరు.
అక్కడ థర్మామీటర్ పెట్టేవాళ్ళు లేరు.
రేపటికి పదహారు కప్పులు కావాలి,
అప్పన్నకి ముందే చెప్పాలి.